వికలాంగులు - తెరచాప పడవల అర్హత పందెములు
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, వికలాంగుల క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. క్రీడలనగా మనవారిలో పెక్కుమందికి వేడుక మాత్రమే. అందును వికలాంగుల క్రీడలనగా జాలి గొలుపు వేడుక యని తలచువారును కలరు. ఈ తలంపు సరికాదని చూపుటకు మే మొక్క క్రీడను మాత్రమే యెన్నుకొంటిమి. అది తెరచాప పడవల పందెము. అందును పారాలింపిక్ క్రీడలకు పోదగినవా రెవరో తేల్చు అర్హత పందెము. పతకములు పంచిపెట్టు దినమును లోకమంతయు చూచును. అర్హత తేలు దినమును చూచువారు కొలదిమందియే. కాని ఆటగాని భాగ్యము తేలునది యా దినముననే.

మన తీరపు పల్లెలలో చుక్కాని, తెరచాప, లంగరు అను మాటలు తెలియని బిడ్డ యుండదు. కావున ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు. గాలి వచ్చు దిక్కునకు నేరుగా ఏ తెరచాప పడవయు పోజాలదని మన నావికు లెఱుగుదురు. అటొకసారి ఇటొకసారి వంకరగా నడుపుచు, గాలికి ఎదురుగా నున్న గుఱుతును చేరవలెను. పందెములోని నేర్పంతయు ఇందే యున్నది. గాలి ఎప్పుడు దిక్కు మార్చునో, నీటిపాటు ఎటు లాగునో, ప్రక్క పడవ తన చాపతో మన గాలి నెట్లు కాజేయునో కనిపెట్టి నడుపవలెను. దీనికి కండబలముకంటె కన్ను, బుద్ధి, ఓర్పు ముఖ్యములు. కాలు లేనివాడును, చేయి లేనివాడును, నడుము క్రిందుగా స్పర్శ లేనివాడును ఈ క్రీడలో నిలిచి గెలుచుటకు కారణ మిదియే.

ఈ క్రీడ 1996వ సంవత్సరమున అట్లాంటా పారాలింపిక్ క్రీడలలో ప్రదర్శనగా మాత్రము చేర్పబడినది. 2000 సంవత్సరమున సిడ్నీలో పతకములుగల క్రీడ యైనది. అప్పటినుండి 2016 రియో వఱకు, అనగా అయిదు పర్యాయములు, పతకములకై జరిగినది. ఇందు మూడువిధముల పడవలు వాడుకలో నుండెను.

మొదటిది ఒంటరి నావికుని పడవ. దీనిని 2.4 మీటరు పడవ యందురు. ఆ సంఖ్య పడవ పొడుగు కాదు. పడవకొలతల నొక సూత్రములో వేసి లెక్కించగా వచ్చు ఫలమది. నిజమైన పొడుగు సుమారు 4 మీటర్లు. నావికుడు పడవలోపల, నీటిమట్టమునకు దగ్గరగా, ముందుచూపుగా కూరుచుండును. తాళ్లన్నియు చేతికందునట్లు ఎదుటనే అమర్పబడి యుండును. చేతులు బలహీనమైనచో పాదములతోను, పాదములు లేనిచో చేతికఱ్ఱతోను చుక్కాని త్రిప్పవచ్చును. అడుగున సీసపు బరువు వ్రేలాడుచుండుటచే పడవ సులభముగా బోల్తాపడదు. శరీరమును అటునిటు వంచి పడవను నిలుపవలసిన పని లేదు. అందుచే అవయవములు సరిగా నున్నవాడును, లేనివాడును ఈ పడవలో ఒకేరీతిగా పోటీపడగలరు.

రెండవది మువ్వురు నడుపు సోనార్ పడవ. పొడుగు సుమారు 7 మీటర్లు. మూడవది ఇరువురు నడుపు స్కడ్ 18 అనునది. ఇది 2008లో చేర్పబడినది. ఇందు ఆసనములు పడవనడుమ స్థిరముగా బిగింపబడి యుండును. చేతులలో బలము మిక్కిలి తక్కువైనవారు చిన్న మీటతో, విద్యుత్ సహాయమున, చుక్కానిని త్రిప్పవచ్చును.

ఇక ఎవరు ఏ పడవ నెక్కవచ్చునని ఎట్లు తేల్చెడివారు? పందెమునకు ముందే వైద్యులును, క్రీడ నెఱిగినవారును కూడి ప్రతి నావికుని పరీక్షించెడివారు. చేతులతో ఏమి చేయగలడు, నడుము నిలువగలదా, చూపెంత యున్నది యని చూచి 1 మొదలు 7 వఱకు ఒక అంక మిచ్చెడివారు. లోపము మిక్కిలి యెక్కువైనచో 1, కొంచెమే యైనచో 7. సోనార్ పడవలో మువ్వురి అంకములు కూడగా 14 మించరాదని నియమముండెను. కావున తక్కువ లోపముగలవారిని మువ్వురిని ఏరి గెలుపు కొట్టుకొనిపోవుటకు వీలులేకుండెను. మిక్కుటమైన లోపము గలవానికి పడవలో చోటు ధర్మముగా కాక నియమముగా దొరకెడిది. స్కడ్ పడవలో ఇరువురిలో ఒకరు తీవ్రమైన లోపము గలవారును, ఒకరు స్త్రీయును ఉండి తీరవలెనని నియమముండెను. మన సభలలో స్త్రీలకు ఆసనములు వేయుదుము గాని, పని పంచియిచ్చు నియమములు వ్రాసికొనుట అరుదు. ఆ పడవ యీ విషయమున మనకంటె ముందున్నదని చెప్పక తప్పదు.

సోదరులారా, ఇంతవఱకు చెప్పినది ఒడ్డున చేయబడు ఏర్పాటు. ఒడ్డున లేవదీయు యంత్రము, చక్రముల కుర్చీ దిగుటకు వాలుబాట, తగిన ఆసనము, తగిన అంకము, ఇవన్నియు సమకూర్తురు. కాని పడవ నీట దిగినపిమ్మట నియమములు లోకమందలి తక్కిన నావికు లందఱకు నున్నవే. కుడివైపునుండి గాలి వచ్చు పడవకు, ఎడమవైపునుండి గాలి వచ్చు పడవ తొలగి దారి యీయవలెను. ఈయనివాడు తన తప్పు తానే యొప్పుకొని, పడవను రెండు చుట్లు త్రిప్పి శిక్ష తీర్చుకొనవలెను. ఒప్పుకొననిచో సాయంకాలము విచారణ జరుగును. తప్పు రుజువైనచో ఆ పందెమునుండి తొలగింతురు. "నాకు చేయి లేదు, కావున తొలగలేకపోతిని" అను మాట యచ్చట చెల్లదు. అట్టి మాట చెప్పదలచిన నావికుని గూర్చియు మేము వినలేదు.

గెలుపు లెక్కించు తీరును గమనింపదగినది. మొదట వచ్చినవానికి 1, రెండవవానికి 2, ఈవిధముగా అంకములు వేయుదురు. పలు దినములలో పలు పందెములు జరుపుదురు. తక్కువ మొత్తము వచ్చినవాడు విజేత. తగినన్ని పందెములు జరిగినచో ప్రతివాని చెడ్డ ఫలము నొకదానిని విడిచిపెట్టుదురు. 16 పడవల పోటీలో బయలుదేరు గీతను ముందుగా దాటి, తిరిగి వచ్చి సరిచేసికొననివానికి 17 అంకములు పడును. మూడు పందెములలో వరుసగా మొదట వచ్చి, నాలుగవదానిలో ఇట్లు తప్పినవానికి మొత్తము 20. నాలుగింటిలో 3, 2, 5, 1 స్థానములు పొందినవానికి 11 మాత్రమే. కావున ఒక్క మెఱుపుతో ఈ పోటీ గెలువబడదు. ప్రతిదినము కొంత మేలుగా, ప్రతిదినము తప్పు లేకుండ నడుపువానికే గెలుపు.

ఇప్పుడు అర్హత మాటకు వత్తము. 2012 లండను క్రీడలలో ఒంటరి పడవలు 16, జంటపడవలు 11, మువ్వురి పడవలు 14, మొత్తము నావికులు 80 మంది. ప్రతి దేశమునకు ప్రతి విధమునందును ఒక్క పడవయే. ముందుగా దేశము ప్రపంచపోటీలలో చోటు సంపాదింపవలసియుండెను. రియో కొఱకు ఇట్టి పోటీలు 2014లో కెనడాదేశపు హాలిఫాక్సునందును, 2015లో ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్నునందును జరిగెను. అట్లు లభించిన చోటు దేశమునది గాని నావికునిది కాదు. ఆ చోటులో ఎవరు కూరుచుండవలెనో దేశము తనలో తాను మరల తేల్చుకొనవలసియుండెను. కొన్ని దేశములు దీనికై వేఱుగా పందెములు పెట్టెడివి. అచ్చట రెండవస్థానమున నిలిచినవాడు లోకమంతటిలో అయిదవవాడో ఆఱవవాడో కావచ్చును. అయినను అతడు ఇంటికే పోవలసియుండెను.

ఇట్టి పందెమొకటి 2007 అక్టోబరులో అమెరికాదేశపు న్యూపోర్టు పట్టణమున జరిగినది. అందు పోటీచేసిన నిక్ స్కాండోన్ కథ మీకు చెప్పదలచితిమి. ఆయన 1966లో జన్మించి, కాలిఫోర్నియా తీరమున బాల్యమునుండియు పడవలు నడిపినవాడు. 2002లో ఆయనకు ఒక దారుణవ్యాధి కలదని తేలెను. కండరములను నడుపు నరములు క్రమక్రమముగా నశించు వ్యాధి యది. పెక్కుమందికి బుద్ధి అంతగా చెడదు. చూపు చెడదు. కాళ్లు, చేతులు, మాట, తుదకు ఊపిరి వరుసగా తప్పిపోవును. నివారించు మందు లేదు.

ఆయన పని విడిచి, ఒంటరి పడవ నభ్యసించి, 2005లో ఆ తరగతి ప్రపంచపోటీలో ప్రథముడాయెను. ఆ పోటీ వికలాంగులకు మాత్రమే కాదు. అవయవములు సరిగానున్న నావికులును అందు నిండుగా పాల్గొనిరి. ఆ సంవత్సరపు శ్రేష్ఠ నావికుడని అమెరికాదేశము ఆయనను గౌరవించెను. కాని వ్యాధి ఆగలేదు. ఒంటరి పడవ తాళ్లు లాగు శక్తి తగ్గిపోవుచుండగా ఆయన జంటపడవకు మారెను. చుక్కాని తనది. చాపలు సరిచేయుట మొదలైన శ్రమ మౌరీన్ మెకిన్నన్ టకర్ అను వనితది. ఆమె 1995లో సముద్రపు గోడమీదినుండి పడి నడుము క్రిందుగా చచ్చుబడినది. ఒకరికి నడువరాదు. మఱియొకరికి దినదినము చేతిబలము తఱుగుచున్నది. వీరిరువురును కలసి ఒక పడవ నడుపువారైరి.

మహాశయులారా, ఆ న్యూపోర్టు పందెములో పణ మేమో ఆలోచింపుడు. తక్కిన పోటీదారులలో ఓడినవాడు "నాలుగేండ్ల తరువాత చూచుకొందము" అని యనుకొనవచ్చును. స్కాండోన్‌కు ఆ మాట లేదు. 2012 ఆయనకు లేదని ఆయనకే తెలియును. న్యూపోర్టున ఓడినచో మరల అర్హత పందె ముండదు. గెలిచినను, క్రీడల నాటికి చుక్కాని పట్టు వేళ్లుండునో యుండవో తెలియదు. ఎదుటివారు ఆయన స్థితి నెఱిగియు దారి విడువలేదు. విడువగూడదు. వారును తమ సంవత్సరముల శ్రమను పణముగా పెట్టి వచ్చినవారే. జాలిపడి యిచ్చిన గెలుపును ఆయన గెలుపని లెక్కించుకొనువాడు కాడు. నియమములు తప్పకుండ ఆ జంట గెలిచి అర్హత పొందెను. 2008 సెప్టెంబరులో చైనాదేశపు చింగ్‌డావ్ రేవున జరిగిన క్రీడలలో స్వర్ణపతకము గైకొనెను. నాలుగు మాసములు నిండకమున్నే, 2009 జనవరి 2వ తేదీన స్కాండోన్ దివంగతుడాయెను.

ఈ కథ విని కన్నీరు పెట్టుట సులభము. కాని మేము దీనిని కన్నీటికొఱకు చెప్పలేదు. ఆయనకు కావలసినవి రెండే యని గమనింపుడు. ఒకటి, తన మిగిలిన బలమునకు తగిన పడవ. రెండు, తక్కినవారితో సమానముగా పోరాడు హక్కు. మొదటిది లేనిచో రెండవది వట్టిమాట. రెండవది లేనిచో మొదటిది భిక్ష.

ఇట్టివారు మఱి యిద్దరు మువ్వురిని పేర్కొందుము. ఆస్ట్రేలియా నావికుడు నోయెల్ రాబిన్స్ యౌవనమున కారు ప్రమాదమున మెడ విఱిగి, అవయవములు కొంత చచ్చుబడినవాడు. అయినను 1977లో అదే న్యూపోర్టు జలములలో అమెరికా కప్పు అను సుప్రసిద్ధ పందెమునకు తన దేశపు పడవను నడిపి ఓడెను. 23 ఏండ్లకు సిడ్నీలో, జేమీ డన్‌రాస్, గ్రేమ్ మార్టిన్ అనువారితో కలసి సోనార్ పడవలో స్వర్ణపతకము గెలిచెను. ఇంగ్లాండు వనిత హెలెనా లూకస్ బొటనవ్రేళ్లు లేకయే జన్మించినది. తాడు పట్టుటకు బొటనవ్రే లెంత ముఖ్యమో నావికులకు చెప్పనక్కఱలేదు. 2012లో ఒంటరి పడవల పోటీలో ఆమె యొక్కతెయే స్త్రీ. స్వర్ణము ఆమెదే యైనది. ఫ్రాన్సు దేశస్థుడు డామియన్ సెగ్విన్ ఎడమచేయి లేక పుట్టినవాడు. 2004లోను, 2016లోను పారాలింపిక్ స్వర్ణములు పొందెను. 2020లో బయలుదేరి, ఒంటరిగా, ఎచ్చటను ఆగక భూమిని చుట్టివచ్చు వాండే గ్లోబ్ పందెమున, అవయవములన్నియు గలవారి నడుమ ఏడవస్థానము పొందెను. వీరికి లోకము చేసిన యుపకారము పొగడ్త కాదు. వారు చిన్ననాడో, ప్రమాదము జరిగిన మఱునాడో ఒక పడవ నెక్కుటకు వీలు కల్పించుటయే.

ఇక విచారకరమైన భాగము చెప్పవలసియున్నది. 2015 జనవరి చివర అంతర్జాతీయ పారాలింపిక్ సంఘమువారు, ఈ క్రీడ ప్రపంచమున తగినంతగా వ్యాపింపలేదని చెప్పి, టోక్యో క్రీడలనుండి దీనిని తొలగించిరి. అనగా ఆ సంవత్సరాంతమున మెల్బోర్నులో అర్హతకై పోరాడినవారు, ఇది కడపటి ద్వారమని యెఱిగియే పోరాడిరి. 2016 రియో తరువాత ఆ ద్వారము మూయబడెను. పారిస్ 2024 క్రీడలలో ఇది లేదు. లాస్ ఏంజెలెస్ 2028 జాబితాలోను చేర్పబడలేదు. అయినను నావికులు ఒడ్డున కూరుచుండలేదు. 2023లో నెదర్లాండ్సు దేశపు హేగ్ నగరమున, ఒలింపిక్ తరగతుల ప్రపంచపోటీలతోపాటు, వికలాంగుల పడవల పోటీలును జరిగెను. పతకద్వారము మరల తెఱపించుటకు ప్రయత్నములు సాగుచున్నవి.

తొలగింపునకు చెప్పిన కారణమును మనము చక్కగా మనసునకు పట్టించుకొనవలెను. ఆట చెడ్డదని కాదు, ఆడువారు చేతగానివారని కాదు, ఆడు దేశములు చాలవని. పడవ ఖరీదైనది. ఒడ్డున యంత్రము కావలెను. నేర్పువారు కావలెను. ఇవి లేని దేశములలో నావికుడు పుట్టియు నావికుడు కాలేడు. అట్టి దేశములు పెక్కైనందున, ఉన్న నావికులకును చోటు పోయినది. ఒకచోటి లోపము మఱియొకచోటివాని గెలుపును గూడ హరించునని దీనివలన తెలియుచున్నది.

మన తెలుగునాట నీటికి కొఱత లేదు. హైదరాబాదునందలి హుస్సేన్‌సాగరమున ఏటేట వానకాలమందు తెరచాప పడవల పోటీలు జరుగుచున్నవి. విశాఖపట్టణము, కాకినాడ మొదలైన రేవులు మనవే. 2016లో మన దేశమున చేయబడిన వికలాంగుల హక్కుల చట్టమును క్రీడలలో వారి పాలును గుర్తించినది. కాని చట్టము జెట్టీమీద వాలుబాట కట్టదు. దానిని కట్టించువారు మనుష్యులే.

సంఘపోషకులకు మా విన్నప మిది. మన సంఘము ఏటేట కొందఱు వికలాంగులకు వస్తువు లిచ్చుచున్నది. సంతోషము. వేదికపై పిలిచి, చక్రముల కుర్చీ యిచ్చి, ఛాయాచిత్రము తీయించుకొనుటతో మన బాధ్యత తీఱదు. ఆ కుర్చీ పాఠశాల గడప దాటునా? ఆటస్థలమునకు పోవునా? నీటియొడ్డున దిగునా? ఇది విచారింపవలెను. రాబోవు సంవత్సరపు విద్యార్థివేతనపు దరఖాస్తులో రెండు ప్రశ్నలు చేర్చుటకు మహాసభవారు తీర్మానింపవలెనని కోరుచున్నాము. మొదటిది: నీవు ఏ క్రీడ నేర్వగోరుదువు? రెండవది: నీకు అడ్డుగానున్న దేమి? ఈ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబులే మన నిధి వ్యయమునకు దారి చూపును. ఒకనికి మెట్లు అడ్డు. ఒకతెకు రైలుఖర్చు అడ్డు. మఱియొకనికి ఇంటివారి భయమే అడ్డు. ఇవి పెద్ద ధనముతో తీఱునవి కావు. శ్రద్ధతో తీఱునవి.

అడ్డు తొలగించినపిమ్మట మనము ప్రక్కకు నిలువవలెను. మన బిడ్డ ఓడినను ఓడనిండు. తప్పు చేసినచో రెండు చుట్లు తిరిగి మరల పందెములో చేరనిండు. గెలిచినచో ఆ గెలుపు అక్షరాల వానిదే కానిండు. ఒడ్డున పూర్తి సహాయము, నీటిమీద పూర్తి సమానత్వము. ఈ రెండును కలసిననే గౌరవము. ఈ మాటను మహాసభవారు చిత్తమున నుంచుకొని తీర్మానమును పరిశీలింతురని నమ్ముచున్నాము.